మధుమేహం ఉన్న పిల్లికి ఆహార ఎంపిక: అమీర్‌పేట, పంజాగుట్ట నగర గృహాల నేపథ్యంలో వివరణ

సారాంశం

పిల్లులలో మధుమేహాన్ని అదుపు చేయడంలో ఆహారానికి ఇన్సులిన్‌తో సమానమైన పాత్ర ఉంది. మాంసకృత్తులు అధికంగా, పిండి పదార్థాలు అత్యల్పంగా ఉండే ఆహారాన్ని తొలి దశలోనే ప్రారంభిస్తే, కొన్ని పిల్లులు ఇన్సులిన్ అవసరం లేని ఉపశమన దశకు చేరుకుంటాయి. అయితే మనుషుల మధుమేహ పథ్యాన్ని పిల్లులకు అన్వయించడం, పొట్లంపై ఉన్న వివరాలను తప్పుగా చదవడం, ఇన్సులిన్ మోతాదును సవరించకుండా ఆహారాన్ని మార్చడం అనే మూడు పొరపాట్లు ఈ అవకాశాన్ని దెబ్బతీస్తాయి. హైదరాబాదు నగర మధ్యభాగంలోని అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల గృహ పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని, ఆహార ఎంపికకు అవసరమైన శాస్త్రీయ ప్రమాణాలను, లెక్క కట్టే పద్ధతిని, జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పిల్లి, మధుమేహం, పిండి పదార్థాలు, జీవక్రియా శక్తి, ఇన్సులిన్, ఉపశమనం

ఉపోద్ఘాతం

గ్రామీణ కుటుంబాలలో పిల్లి ధాన్యపు గాదెకు కాపలాదారు. దాని ప్రధాన ఆహారం ఎలుకలు, చిన్న పక్షులు, పురుగులు. ఇంటివారు పోసే పాలు, పెట్టే అన్నం మెతుకులు కేవలం అదనం. పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగినట్లు అనే సామెత వల్ల పాలే పిల్లి ఆహారమన్న భావన మన మనసులలో స్థిరపడింది కాని, ఆ పాల వెనుక ఉన్న వేటను మనం లెక్కలోకి తీసుకోలేదు.

నగరంలో ఈ సమతుల్యం తారుమారైంది. అమీర్‌పేట, పంజాగుట్ట, ఎల్లారెడ్డిగూడ, సంజీవరెడ్డినగర్ ప్రాంతాలు బహుళ అంతస్తుల నివాసాలతో, శిక్షణ సంస్థలతో, వసతి గృహాలతో నిండి ఉన్నాయి. అమీర్‌పేట రెండు మెట్రో మార్గాలు కలిసే కూడలి. ఉద్యోగాలకు, శిక్షణ తరగతులకు ఉదయం వెళ్లినవారు రాత్రికి గాని ఇల్లు చేరని కుటుంబాలు ఇక్కడ అనేకం. ఇటువంటి ఇళ్లలో పెరిగే పిల్లికి వేట లేదు, ఎగరడానికి ప్రహరీ గోడ లేదు. రోజంతా పళ్లెంలో పొడి గుళికలు ఉంటాయి. సాయంత్రం పాలు, రాత్రి పెరుగన్నం తోడవుతాయి. వంధ్యీకరణ శస్త్రచికిత్స తరువాత శక్తి అవసరం తగ్గి, ఆకలి పెరుగుతుంది. క్రమంగా శరీర బరువు పెరుగుతుంది. పిల్లులలో మధుమేహానికి దారితీసే పరిస్థితులన్నీ ఒకే గదిలో చేరడం అంటే ఇదే.

ఈ ప్రాంతానికి మరొక ప్రత్యేకత ఉంది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థ పంజాగుట్టలోనే ఉంది. చుట్టూ వైద్యశాలలు, మందుల దుకాణాలు ఉన్నాయి. మనుషుల మధుమేహం గురించి ఎంతో కొంత తెలియని కుటుంబం ఇక్కడ అరుదు. ఇన్సులిన్, గ్లూకోమీటరు, పథ్యం అన్నీ పరిచితమైన మాటలే. ఈ పరిచయం పిల్లి చికిత్సకు కొంత మేలు చేస్తుంది, కాని ఆహారం విషయంలో తరచుగా దారి తప్పిస్తుంది. ఇంట్లో పెద్దవారు అన్నం మానివేసి జొన్న రొట్టె, రాగి జావ, కొర్రల అన్నం తీసుకుంటున్నప్పుడు, మధుమేహం వచ్చిన పిల్లికి కూడా అదే మంచిదని భావించడం సహజం. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించిన తరువాత చిరుధాన్యాలపై ఆదరణ మరింత పెరిగింది. మనిషికి ఇది మేలైన మార్గమే. పిల్లికి మాత్రం కాదు. దీనికి కారణం పిల్లి శరీర ధర్మంలోనే ఉంది.

పిల్లి శరీర ధర్మం

పిల్లి సంపూర్ణ మాంసాహారి. దాని లాలాజలంలో పిండిని జీర్ణం చేసే అమైలేజ్ ఎంజైము ఉండదు. క్లోమం నుంచి వెలువడే అమైలేజ్ కూడా తక్కువే. భోజనం తరువాత రక్తంలోకి ఒక్కసారిగా చేరిన గ్లూకోజును కాలేయం త్వరగా గ్రహించడానికి తోడ్పడే గ్లూకోకైనేజ్ ఎంజైము చర్య పిల్లి కాలేయంలో నామమాత్రం. అందుకు బదులుగా పిల్లి కాలేయం అమైనో ఆమ్లాల నుంచి గ్లూకోజును నిరంతరం తయారు చేసుకుంటూ ఉంటుంది. అందువల్ల ఆహారంలో పిండి పదార్థాలు లేకపోయినా దానికి ఏ లోటూ ఏర్పడదు. మాంసకృత్తులు లేకపోతే మాత్రం తన కండరాలనే కరిగించుకుంటుంది.

స్వేచ్ఛగా తిరిగే పిల్లులు వేటాడి తినే ఆహారాన్ని విశ్లేషించినప్పుడు, అందులోని శక్తిలో సుమారు 52 శాతం మాంసకృత్తుల నుంచి, 46 శాతం కొవ్వు నుంచి, కేవలం 2 శాతం పిండి పదార్థాల నుంచి లభిస్తున్నట్లు తేలింది. ఎలుక శరీరమే పిల్లికి ప్రకృతి నిర్ణయించిన సమతుల ఆహారం.

మనిషి మధుమేహ పథ్యంలో ముఖ్య ప్రశ్న పిండి పదార్థం ఎంత నెమ్మదిగా జీర్ణమవుతుందన్నది. వరి అన్నానికి బదులు పీచు అధికంగా ఉన్న చిరుధాన్యాలను సూచించడంలోని ఆంతర్యం అదే. పిల్లి విషయంలో ప్రశ్న వేరు. పిండి పదార్థం నెమ్మదిగా జీర్ణమవుతుందా, వేగంగా జీర్ణమవుతుందా అన్నది ప్రధానం కాదు. మొత్తం మీద అది ఎంత ఉన్నదన్నదే ప్రధానం. రాగులలో, కొర్రలలో, ఓట్స్‌లో బరువులో సగానికి పైగా పిండి పదార్థాలే. కనుక వరి స్థానంలో రాగులను చేర్చినంత మాత్రాన పిల్లి పళ్లెం మారినట్లు కాదు.

వ్యాధి స్వభావం, గుర్తింపు

పిల్లులలో కనిపించే మధుమేహం చాలా వరకు మనుషుల రెండవ రకం మధుమేహాన్ని పోలి ఉంటుంది. ఒకవైపు కణజాలంలో ఇన్సులిన్ నిరోధకత పెరుగుతుంది. మరొకవైపు క్లోమంలోని బీటా కణాల మధ్య అమైలాయిడ్ అనే పదార్థం పేరుకొని ఇన్సులిన్ ఉత్పత్తి తగ్గుతుంది. పాశ్చాత్య దేశాల అంచనాల ప్రకారం ప్రతి 100 నుంచి 500 పిల్లులలో ఒకటి ఈ వ్యాధికి గురవుతున్నది. మధ్య వయస్సు దాటినవి, వంధ్యీకరణ జరిగిన మగ పిల్లులు, స్థూలకాయం ఉన్నవి, ఇంటికే పరిమితమైనవి ఎక్కువగా దీని బారిన పడతాయి. దురద వంటి సమస్యలకు దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పదే పదే ఇవ్వడం కూడా ఒక కారణం.

అతిగా నీరు త్రాగడం, అతిగా మూత్ర విసర్జన, ఆకలి పెరిగినా బరువు తగ్గడం ప్రధాన లక్షణాలు. రోజుకు కిలో శరీర బరువుకు 100 మి.లీ. మించి నీరు త్రాగితే అతిదాహంగా పరిగణించాలి. ఇసుక తొట్టెలో ముద్దలు పెద్దవి కావడం, మూత్రం పోసిన చోట చీమలు చేరడం ఇంటివారు ముందుగా గమనించగల గుర్తులు. వ్యాధి ముదిరితే నరాల బలహీనత వల్ల పిల్లి వెనుక కాళ్ల మడమలను నేలకు ఆనించి నడుస్తుంది.

నిర్ధారణలో ఒక జాగ్రత్త అవసరం. వైద్యశాలకు తీసుకువచ్చిన పిల్లిలో భయం వల్లనే రక్తంలో గ్లూకోజు తాత్కాలికంగా పెరగవచ్చు. కనుక ఒక్క రక్త పరీక్షతో మధుమేహమని తేల్చరాదు. మూత్రంలో గ్లూకోజును, గడచిన రెండు మూడు వారాల సగటు స్థితిని తెలిపే ఫ్రక్టోసమైన్‌ను పరీక్షించి, లక్షణాలతో పోల్చి నిర్ధారించాలి. మూత్రంలో కీటోన్లు కనిపించి, పిల్లి ఆహారం మానివేసి, వాంతులు చేసుకుంటూ నీరసించి ఉంటే అది కీటో అసిడోసిస్ అనే అత్యవసర స్థితి. ఆ దశలో ఆహార ఎంపిక గురించి ఆలోచించడానికి ముందు వైద్యశాలలో చికిత్స జరగాలి.

ఆహార ప్రమాణాలు

గతంలో మధుమేహ పిల్లులకు కూడా మనుషులకు, కుక్కలకు సూచించినట్లే అధిక పీచు ఉన్న ఆహారాన్ని సూచించేవారు. 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ అభిప్రాయాన్ని మార్చడంలో కీలకమైంది. అందులో 63 మధుమేహ పిల్లులకు రెండు రకాల డబ్బా ఆహారాలను నాలుగు నెలల పాటు ఇచ్చారు. పిండి పదార్థాలు, పీచు తక్కువగా ఉన్న ఆహారం తీసుకున్న పిల్లులలో 68 శాతం ఇన్సులిన్ అవసరం లేని స్థితికి చేరుకోగా, పిండి పదార్థాలు మధ్యస్థంగా, పీచు అధికంగా ఉన్న ఆహారం తీసుకున్న వాటిలో 41 శాతం మాత్రమే ఆ స్థితికి చేరుకున్నాయి.

కాలం కూడా ఆహారమంత ముఖ్యమైనది. 2009లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో 55 పిల్లులకు అల్ప పిండి పదార్థాల ఆహారంతో పాటు గ్లార్జిన్ ఇన్సులిన్‌ను ఇస్తూ, ఇంటి వద్దనే గ్లూకోజును నిశితంగా పరీక్షించారు. వ్యాధి నిర్ధారణ జరిగిన ఆరు నెలలలోపు ఈ పద్ధతిని ఆరంభించిన పిల్లులలో 84 శాతం ఉపశమనం పొందాయి. ఆరు నెలలు దాటిన తరువాత ఆరంభించిన వాటిలో ఇది 35 శాతమే. రక్తంలో అధిక గ్లూకోజు ఎక్కువ కాలం కొనసాగితే, ఆ గ్లూకోజు ప్రభావం వల్లనే మిగిలిన బీటా కణాలు దెబ్బతినడం దీనికి ప్రధాన కారణం. పెరుగన్నం, రాగి జావలతో గడచిపోయే నెలల విలువ ఏమిటో ఈ రెండు అంకెలు తెలుపుతాయి.

ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఫిలైన్ మెడిసిన్ 2015లోను, అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ 2018లోను వెలువరించిన మార్గదర్శకాలు, ఆహారంలోని జీవక్రియా శక్తిలో పిండి పదార్థాల వాటా సుమారు 12 శాతానికి మించకుండా చూడాలని సూచించాయి. మాంసకృత్తుల వాటా 40 శాతం లేదా అంతకు మించి ఉండటం మేలు. తడి ఆహారానికి ప్రాధాన్యం ఇవ్వాలి. అందులో పిండి పదార్థాలు సాధారణంగా తక్కువ. నీరు ఎక్కువగా ఉండటం వల్ల తక్కువ శక్తితోనే కడుపు నిండుతుంది. అతిమూత్రంతో నీటిని కోల్పోతున్న పిల్లికి నీరు కూడా అందుతుంది.

పొట్లంపై వివరాల నుంచి పిండి పదార్థాలను లెక్కించడం

పిల్లి ఆహార పొట్లాలపై మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ శాతాలు ముద్రిస్తారు. పిండి పదార్థాల శాతాన్ని చాలా కంపెనీలు ముద్రించవు. దానిని ఈ క్రింది విధంగా కనుగొనవచ్చు.

మొదటి మెట్టు: మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ, బూడిద శాతాలను కూడి, ఆ మొత్తాన్ని 100 నుంచి తీసివేయాలి. మిగిలినది పిండి పదార్థాల శాతం. బూడిద శాతం ముద్రించకపోతే పొడి ఆహారానికి 8, తడి ఆహారానికి 2 అని అంచనా వేసుకోవచ్చు.

రెండవ మెట్టు: మాంసకృత్తుల శాతాన్ని 3.5తో, కొవ్వు శాతాన్ని 8.5తో, పిండి పదార్థాల శాతాన్ని 3.5తో గుణించి కూడాలి. ఇది 100 గ్రాముల ఆహారంలోని జీవక్రియా శక్తి కిలో కేలరీలలో.

మూడవ మెట్టు: పిండి పదార్థాల నుంచి వచ్చే శక్తిని మొత్తం శక్తితో భాగించి 100తో గుణించాలి.

పట్టిక 1లో నాలుగు నమూనా ఆహారాలకు ఈ లెక్కను చూపడమైనది. ఇవి ఏ ఒక్క కంపెనీకీ చెందినవి కావు. పద్ధతిని తెలపడానికి తీసుకొన్న అంకెలు.

పట్టిక 1: నమూనా ఆహారాలలో పిండి పదార్థాల వాటా

| వివరం | సాధారణ పొడి గుళికలు | అధిక మాంసకృత్తుల పొడి గుళికలు | గ్రేవీ ముక్కల పౌచ్ | మెత్తని ముద్ద పౌచ్ |
|---|---|---|---|---|
| మాంసకృత్తులు (%) | 32 | 42 | 8 | 10 |
| కొవ్వు (%) | 12 | 18 | 2.5 | 3 |
| పీచు (%) | 4 | 3 | 0.5 | 1 |
| తేమ (%) | 10 | 8 | 83 | 82 |
| బూడిద (%) | 8 | 8 | 2 | 2 |
| పిండి పదార్థాలు (%) | 34 | 21 | 4 | 2 |
| శక్తి (కి.కే./100 గ్రా.) | 333 | 374 | 63 | 68 |
| శక్తిలో పిండి పదార్థాల వాటా (%) | 36 | 20 | 22 | 10 |

ఈ పట్టిక నుంచి మూడు విషయాలు గ్రహించాలి. మొదటిది, పౌచ్‌పై 10 శాతం మాంసకృత్తులు, గుళికల సంచిపై 32 శాతం మాంసకృత్తులు చూసి గుళికలే బలమైనవని భావించరాదు. తేమను తీసివేసి శుష్క పదార్థం మీద లెక్కిస్తే ఆ పౌచ్‌లో మాంసకృత్తులు 56 శాతం, గుళికలలో 36 శాతం. రెండవది, పౌచ్ అయినంత మాత్రాన అది అనుకూలమైనది కాదు. గ్రేవీని చిక్కబరచడానికి పిండిని వాడతారు. పైన చూపిన గ్రేవీ పౌచ్‌లో పిండి పదార్థాల వాటా 22 శాతం. ఇది అధిక మాంసకృత్తుల గుళికల కంటే కొంచెం ఎక్కువే. మూడవది, ధాన్యరహితం అని ముద్రించిన ఆహారంలో బంగాళాదుంప, బఠాణీ, కర్రపెండలం ఉండవచ్చు. ధాన్యం లేకపోవడం వేరు, పిండి లేకపోవడం వేరు.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. పొట్లంపై మాంసకృత్తులు, కొవ్వు కనీస స్థాయిలుగా, పీచు, తేమ గరిష్ఠ స్థాయిలుగా ముద్రిస్తారు. తడి ఆహారంలో ఒక్క శాతం తేడా కూడా ఫలితాన్ని బాగా మారుస్తుంది. పట్టికలోని మెత్తని ముద్ద పౌచ్‌లో బూడిద 2 శాతానికి బదులు 1 శాతమైతే, పిండి పదార్థాల వాటా 10 నుంచి సుమారు 15 శాతానికి పెరుగుతుంది. కనుక ఎక్కువ కాలం వాడదలచిన ఆహారానికి సగటు విశ్లేషణ వివరాలను కంపెనీ నుంచి కోరడం మంచిది.

ఒక రోజు పళ్లెం లెక్క

తొమ్మిదేళ్ల వయస్సు, వంధ్యీకరణ జరిగిన మగ పిల్లిని ఉదాహరణగా తీసుకుందాం. బరువు 6 కిలోలు. ఉండవలసిన బరువు 5 కిలోలు. అది రోజుకు 60 గ్రాముల సాధారణ గుళికలు, 50 గ్రాముల అన్నం, 50 మి.లీ. పాలు తీసుకుంటున్నదనుకుందాం. గుళికల నుంచి 200, అన్నం నుంచి సుమారు 65, పాల నుంచి సుమారు 33, మొత్తం దాదాపు 298 కిలో కేలరీలు లభిస్తాయి. పిండి పదార్థాలు గుళికలలో 20, అన్నంలో 14, పాలలో రెండు గ్రాములకు పైగా ఉంటాయి. అంటే శక్తిలో దాదాపు 45 శాతం పిండి పదార్థాలదే. మార్గదర్శకాలు సూచించిన 12 శాతానికి ఇది మూడు రెట్లకు మించినది. ఇందులో గుళికల వాటాయే పెద్దది కనుక, పాలు, అన్నం మాన్పించి గుళికలను కొనసాగిస్తే సమస్య సగమే తీరుతుంది.

విశ్రాంతి శక్తి అవసరాన్ని శరీర బరువును (కిలోలలో) 0.75 ఘాతానికి పెంచి 70తో గుణించి కనుగొంటారు. 5 కిలోల బరువుకు ఇది 234 కిలో కేలరీలు. పట్టికలోని మెత్తని ముద్ద ఆహారం 85 గ్రాముల పౌచ్‌లో సుమారు 57 కిలో కేలరీలుంటాయి. కనుక రోజుకు నాలుగు పౌచ్‌లు ఆరంభ పరిమాణంగా సరిపోతాయి. తరువాత వారం వారం బరువు తూచి పరిమాణాన్ని సవరించాలి. స్థూలకాయం ఉన్న పిల్లి వారానికి తన బరువులో 0.5 నుంచి 1 శాతం మాత్రమే తగ్గాలి. అంటే ఈ పిల్లి వారానికి 30 నుంచి 60 గ్రాములు. వ్యాధి వల్ల ఇప్పటికే వేగంగా చిక్కిపోతున్న పిల్లికి మొదట ఆహారాన్ని తగ్గించరాదు. గ్లూకోజు అదుపులోకి వచ్చిన తరువాతనే బరువు తగ్గించే ప్రయత్నం చేయాలి.

బరువు త్వరగా తగ్గాలని పిల్లిని పస్తు ఉంచడం ప్రమాదకరం. రెండు మూడు రోజులు ఆహారం మానితే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లిలో, కొవ్వు కాలేయంలో పేరుకొని ప్రాణాపాయం కలుగుతుంది. కొత్త ఆహారాన్ని తాకని పిల్లికి, అదే తినక చస్తుందా అని పాతది పూర్తిగా మానివేయడం తగదు.

ఖర్చు, ఇంటి వంట, శాకాహార గృహాలు

రోజుకు నాలుగు పౌచ్‌లు కొనడం అందరికీ సాధ్యం కాదు. విద్యార్థులకు, చిరుద్యోగులకు ఇది పెద్ద భారం. అటువంటి సందర్భంలో అధిక మాంసకృత్తుల గుళికలను కొలిచి పెట్టడం, కొంత భాగం మాత్రమే తడి ఆహారంతో భర్తీ చేయడం నడిమి మార్గం. 36 శాతం నుంచి 20 శాతానికి దిగడం కూడా ప్రయోజనకరమే. ఆదర్శ ఆహారం కొనలేనందున పాత పద్ధతినే కొనసాగించాలన్న నిర్ణయం సరికాదు.

ఉడికించిన కోడి మాంసంలో పిండి పదార్థాలు దాదాపు లేవు. కాని ఎముక లేని మాంసం ఒక్కటే సంపూర్ణాహారం కాదు. అందులో కాల్షియం అత్యల్పం, భాస్వరం అధికం. పిల్లి శరీరం తగినంత తయారు చేసుకోలేని టారిన్ అనే పదార్థం ఉడికించిన నీటిలోకి కొంత పోతుంది. టారిన్ లోపం వల్ల కంటి పొర క్షీణిస్తుందని 1975లో, గుండె కండరం బలహీనమవుతుందని 1987లో పరిశోధకులు నిరూపించారు. కనుక అదనంగా ఇచ్చే మాంసం రోజువారీ శక్తిలో పది శాతం మించరాదు. పై ఉదాహరణలోని పిల్లికి ఇది సుమారు 15 గ్రాముల ఉడికిన కోడి మాంసం. ఆహారమంతా ఇంట్లోనే వండదలిస్తే పశు పోషణ నిపుణుల చేత కాల్షియం, టారిన్, విటమిన్ల పరిమాణాలను లెక్క కట్టించుకోవాలి.

ఇంట్లో వండిన కూర ముక్కలను కడిగి పెట్టడం మరొక అలవాటు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్త కణాలను దెబ్బతీస్తాయి. మసాలాలో ఉడికిన ముక్కను కడిగినా వాటి సారం పోదు. ఉప్పు చేపలలో సోడియం మితిమీరి ఉంటుంది. కొన్ని పచ్చి చేపలలో థయమిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది. కాలేయాన్ని రోజూ పెడితే విటమిన్ ఎ అధికమై ఎముకల వ్యాధి వస్తుంది.

మాంసం వంటగదిలోకి రాని కుటుంబాలు కూడా ఈ ప్రాంతంలో పిల్లులను పెంచుతున్నాయి. వీరికి సలహా ఇచ్చేటప్పుడు వారి ఆచారాన్ని తక్కువ చేసి మాట్లాడరాదు. అదే సమయంలో పాలు, పెరుగు, పనీరు, పప్పులతో మధుమేహ పిల్లిని పోషించవచ్చని సర్ది చెప్పడమూ తగదు. వండే అవసరం లేని మూసిన పౌచ్‌లను బాల్కనీలోనో, విడిగా ఉంచిన పళ్లెంలోనో పెట్టే ఏర్పాటు చాలా కుటుంబాలకు అంగీకారయోగ్యం.

ఆహార మార్పు, ఇన్సులిన్ మోతాదు

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఇది. పిండి పదార్థాలు తగ్గిన కొద్ది రోజులలోనే పిల్లికి ఇన్సులిన్ అవసరం తగ్గవచ్చు. అధిక పిండి పదార్థాల ఆహారానికి తగినట్లు నిర్ణయించిన మోతాదునే కొనసాగిస్తే రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోతుంది. మంచి ఆహారమే ఇటువంటి సందర్భంలో ప్రాణం మీదికి తెస్తుంది. కనుక ఇప్పటికే ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లికి పశువైద్యునికి తెలియకుండా ఆహారాన్ని మార్చరాదు. పాత ఆహారంలో కొత్తదాన్ని కొద్ది కొద్దిగా కలుపుతూ 7 నుంచి 10 రోజులలో మార్పు పూర్తి చేయాలి. ఆ రోజులలో గ్లూకోజును తరచుగా పరీక్షించి మోతాదును సవరింపజేసుకోవాలి.

పిల్లి తూలడం, వణకడం, అసాధారణంగా మందకొడిగా ఉండటం, మూర్ఛ రావడం గ్లూకోజు పడిపోయిందనడానికి గుర్తులు. రక్త గ్లూకోజు 60 మి.గ్రా./డె.లీ. కంటే తగ్గినప్పుడు అపాయంగా భావించాలి. పిల్లి తినగల స్థితిలో ఉంటే వెంటనే ఆహారం పెట్టాలి. లేకపోతే తేనె లేదా గ్లూకోజు ద్రావణాన్ని చిగుళ్లకు రాసి, ఆలస్యం చేయకుండా వైద్యశాలకు తరలించాలి. స్పృహ లేని పిల్లి నోటిలో ద్రవం పోయరాదు. పిల్లి ఆహారం తినని పూట మామూలు మోతాదు ఇన్సులిన్ ఇవ్వకుండా ముందు వైద్యుని సంప్రదించాలి.

మన దేశంలో ప్రత్యేకంగా గమనించవలసిన మరొక విషయం సిరంజి. మందుల దుకాణాలలో మి.లీ.కు 40 యూనిట్ల ఇన్సులిన్, మి.లీ.కు 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ లభిస్తాయి. వాటికి సిరంజిలు వేర్వేరు. గ్లార్జిన్ వంటి 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 యూనిట్ల సిరంజిలోకి తీసుకుంటే, ఒక గీతకు రెండున్నర యూనిట్లు వెళతాయి. పిల్లికి ఆరంభ మోతాదు పూటకు ఒకటి రెండు యూనిట్లే కనుక ఈ పొరపాటు ప్రాణాంతకం. అల్ప పిండి పదార్థాల ఆహారం తోడైతే ప్రమాదం మరింత పెరుగుతుంది.

తోడు వ్యాధులున్నప్పుడు

వయస్సు మళ్లిన పిల్లులలో మూత్రపిండాల వ్యాధి సాధారణం. మూత్రపిండాల వ్యాధికి సూచించే ఆహారంలో భాస్వరం, మాంసకృత్తులు తగ్గించి ఉంటాయి. ఆ మేరకు పిండి పదార్థాలు పెరిగి ఉండవచ్చు. ముదిరిన మూత్రపిండ వ్యాధిలో భాస్వర నియంత్రణకే ప్రాధాన్యం ఇచ్చి, మధుమేహాన్ని ఇన్సులిన్‌తో సర్దుబాటు చేయవలసి వస్తుంది. క్లోమ శోథ ఉన్న పిల్లికి అన్నిటికన్నా ముందు ఆహారం తినేటట్లు చూడటమే ముఖ్యం. ఇటువంటి పిల్లులకు పట్టిక చూసి ఆహారం ఎంపిక చేయరాదు. రక్త పరీక్షల తరువాతనే నిర్ణయించాలి.

అపార్ట్‌మెంట్ ఇంటిలో ఆచరణ

నగర గృహంలో పథ్యం తప్పడానికి తరచుగా కారణం ఆహారం కాదు, చేతులు ఎక్కువ కావడం. ఉదయం తల్లి, సాయంత్రం పిల్లలు, మధ్యలో పొరుగింటివారు, కింద కాపలాదారు ఎవరికి వారు ప్రేమతో ఏదో ఒకటి పెడతారు. వంటగది గోడకు ఒక కాగితం అతికించి, ఏ పూట ఎంత ఆహారం, ఎంత ఇన్సులిన్ ఇచ్చినది రాయడం చిన్న ఏర్పాటే అయినా, ఇన్సులిన్‌ను రెండు సార్లు ఇచ్చే పొరపాటును కూడా ఇది నివారిస్తుంది.

ఇన్సులిన్ సాధారణంగా 12 గంటల అంతరంతో ఇవ్వాలి కనుక, ఉదయం 7 గంటలకు వెళ్లేముందు, రాత్రి 7 గంటలకు వచ్చిన తరువాత అనే వేళలు చాలా కుటుంబాలకు అనుకూలం. ప్రధాన భోజనాలను అప్పుడే పెట్టి, మధ్యలో కొద్ది ఆహారాన్ని వేళకు తెరుచుకొనే పళ్లెంలో ఉంచవచ్చు. వేసవిలో 40 డిగ్రీల ఎండల రోజులలో తెరిచిన తడి ఆహారాన్ని ఒకటి రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. మిగిలినది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మరుసటి రోజులోపు గోరువెచ్చగా చేసి పెట్టాలి. ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టే అరలో పెట్టరాదు, ఎండలో నిలిపిన వాహనంలో వదలరాదు. త్రాగునీటిని ఎన్నడూ పరిమితం చేయరాదు.

ఇంట్లో రెండు పిల్లులుంటే వేర్వేరు గదులలో తినిపించాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి కూడా అల్ప పిండి పదార్థాల సమతులాహారాన్ని తీసుకోవచ్చు కనుక, రెండింటికీ ఒకే ఆహారాన్ని కొలిచి పెట్టడం సులువైన మార్గం.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

పెంపుడు జంతువుల పోషణపై ప్రశ్నలు నేడు పాడి పశువులకే పరిమితం కావడం లేదు. నగరవాసుల నుంచి పిల్లుల గురించి ప్రశ్న వచ్చినప్పుడు, ఏ ఆహారం మంచిదో చెప్పడానికి ముందు నాలుగు ప్రశ్నలు అడగడం ఉపయుక్తం. గడచిన మూడు రోజులలో పిల్లి నోటికి అందినవన్నీ ఏవి? ఇన్సులిన్ ఇస్తున్నారా, ఏ సిరంజితో? ఇప్పటి బరువు, ఆరు నెలల క్రితం బరువు ఎంత? మూత్రపిండాల పరీక్ష జరిగిందా? ఈ సమాధానాలతో పొట్లం తెచ్చి చూపితే, పైన వివరించిన మూడు మెట్ల లెక్కను యజమాని ఎదుటనే చేసి చూపవచ్చు. తన చేతితో లెక్క వేసిన యజమాని మరుసటి పొట్లాన్ని దుకాణంలోనే చదవగలుగుతాడు. పశువైద్య విద్యార్థులకు ఇది పోషణ శాస్త్రం, వైద్య శాస్త్రం ఒకే పళ్లెంలో కలిసే మంచి అభ్యాసం.

ముగింపు

ఇన్సులిన్ లేకుండా కనీసం నాలుగు వారాల పాటు గ్లూకోజు సాధారణ స్థాయిలో ఉంటే పిల్లి ఉపశమన దశకు చేరినట్లు పరిగణిస్తారు. దీనిని శాశ్వత స్వస్థతగా భావించరాదు. అన్నం, పాలు, సాధారణ గుళికలు తిరిగి పళ్లెంలోకి వస్తే, లేదా బరువు మళ్లీ పెరిగితే, వ్యాధి తిరగబెట్టవచ్చు. అందువల్ల ఆహార నియమం జీవితాంతం కొనసాగాలి, నెలకోసారి బరువు, అప్పుడప్పుడు గ్లూకోజు పరీక్ష తప్పనిసరి. మధుమేహం ఉన్న ఇంటిలోని మనిషికి, పిల్లికి వ్యాధి పేరు ఒకటే అయినా పథ్యం ఒకటి కాదు. ఈ తేడాను వ్యాధి తొలి నెలలలోనే గ్రహించి, లెక్క ప్రకారం ఆహారాన్ని మార్చి, ఆ మార్పుకు తగినట్లు ఇన్సులిన్‌ను సవరించిన కుటుంబంలోని పిల్లికి రోజుకు రెండు సూదుల నుంచి విముక్తి పొందే అవకాశం నిజంగా ఉంది.